ప్రసాద్ చేతి ‘సరి’

పోయినవారం పెంచలప్రసాద్‌ను కడుపులో కుంపటితో సహా ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సెక్కించి వదిలేశాం. మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఆత్మకూరులో జనార్దనయ్య మేస్త్రి షెడ్డంటే చుట్టుపక్కల జీపులకూ లారీలకూ పెద్దాసుపత్రి. అందులో ప్రసాద్ పదకొండేళ్లుగా పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడనే కంటే తన్నులు తిన్నాడంటేనే న్యాయం. పద్నాలుగో నంబరు పానా అడిగితే పదహారు అందించిన పాపానికి నెత్తి బొప్పి కట్టిన రోజులెన్నో.

అలాంటి మేస్త్రి ఇప్పుడు ఏడాదిగా ‘అమ్మా, తల్లీ’ అంటూ కరుణశ్రీకి మెకానిక్కు పని నేర్పుతున్నాడు. ఆమె ఉదయగిరి హైస్కూల్లో కుట్టు టీచరు. వాళ్ల నాన్న వరప్రసాదం క్రైస్తవ మిషన్ వాళ్ల ట్రక్కుకు డ్రైవరు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అది. బస్సు పోని కొండ అవతలి పల్లెలకు శనివారం శనివారం మందులూ పాలపొడీ మోసింది. అమెరికా దొరలు వెళ్లిపోతూ దాన్ని ఆయనకే ఇచ్చి పోయారు. ఆయన కూడా పోయాక ఇంటి పక్క రేకుల పందిట్లో కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి పనికొచ్చింది. దాన్ని తన చేతులతోనే బాగుచేసి, నాన్న తిరిగిన దారిలో నడపాలని కరుణశ్రీ పంతం.

మూడు నెలల కిందటి దాకా మేస్త్రే ఆదివారాలు ఉదయగిరి వెళ్లి కుర్చీలో కూర్చుని నేర్పాడు. పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయాక ఆమే ఆత్మకూరు వచ్చి, ఆయన చెప్పిందంతా నోటుబుక్కులో రాసుకుని పోతోంది. ఇప్పుడు పని ముగిసింది. ఆఖరుసారి చూసి రమ్మని మేస్త్రి ప్రసాద్‌ను పంపాడు. అదీ సంగతి.

పంపితే పంపాడు, ఊరికే పంపాడా? చొక్కా జేబులో కాగితంలో చుట్టిన సుద్దముక్క పెట్టి మరీ పంపాడు. ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. పని పూర్తయిన బండి ముందు బంపరు మీద మేస్త్రి సుద్దతో ‘సరి’ అని రాయాలి. ఆ రెండక్షరాలు పడనిదే ఎంత గొప్పవాడి బండైనా గేటు దాటదు. పదకొండేళ్లలో ఎన్ని ఇంజన్లు విప్పి బిగించినా, ఆ సుద్దముక్క ఒక్కసారి కూడా ప్రసాద్ చేతికి రాలేదు. ‘ఇంకా కాలేదు లేరా’ అనేవాడు మేస్త్రి. ఇన్నాళ్లకు వచ్చింది. ఎక్కడికి? కరుణశ్రీ గుమ్మంలోకి! ఆమె బండి కోసం!

“నాకోసం రాని సుద్ద ఆ పిల్ల కోసం వచ్చిందన్నమాట” అని బస్సులో పైకే అన్నాడు. పక్కనున్న ముసలాయన ఉలిక్కిపడి ఇటు చూశాడు.

ఉదయగిరిలో బస్సు దిగి కొండ కింది వీధికి తిరిగేసరికి ఇంజను శబ్దం వినిపించింది. కొత్తగా పని నేర్చుకున్నవాళ్ల ఇంజను దగ్గుతుంది, తుమ్ముతుంది, ఆయాసపడుతుంది. ప్రసాద్ అదే వినాలని దారి పొడుగునా వెంకయ్యస్వామికి మొక్కుకున్నాడు. ఇదేమో కడుపునిండా పాలు తాగి పడుకున్న పిల్లిలా గురగురమంటోంది. అతని కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఒకరి పని బాగుంటే ఇంకొకరికి ఏడుపెందుకు రావాలి? వచ్చింది మరి. ఉన్నమాట చెప్పుకోవడానికి మొహమాటమెందుకు.

“రా అన్నా, రా! నీకోసమే చూస్తా ఉండా” అంటూ కరుణశ్రీ ఎదురొచ్చింది. చీర మీద వాళ్ల నాన్న ఖాకీ చొక్కా తొడుక్కుంది. గోళ్ల నిండా గ్రీజు. “పొద్దున మంచులో గూడా రెండో తిప్పుకే అందుకుంటా ఉండాదన్నా! రేపు స్కూలు గ్రౌండులో తిప్పుతా.”

“అందుకోకేం. మేస్త్రి పక్కన కూచోని నేర్పినాడు గదా” అన్నాడు ప్రసాద్. మాటలో ముల్లుంది. ఆమెకు గుచ్చుకున్నట్టు లేదు.

బానెట్ ఎత్తి తల లోపల పెట్టాడు. ఇంజనుకూ దాని మూతకూ మధ్య వేసిన జాయింటు చూశాడు. అట్ట ముక్కను ఆ మూత ఆకారానికి కోయడమంటే సామాన్యం కాదు. బోల్టుకో బెజ్జం రావాలి, అంచు వెంట్రుకవాసి తప్పినా ఆయిలు కారుతుంది. ప్రసాద్‌కు పూటంతా పట్టే పని. ఈ జాయింటు అచ్చు పోసినట్టుంది.

“ఇది నెల్లూరులో కొన్నావా?”

“కొనేదేందన్నా! నేనే కోసినా. జాకెట్టు కటింగు మాదిరే గదా. అట్ట కింద పెట్టి, పళ్లచక్రంతో చుక్కలు దించుకోని, కత్తెరతో కత్తిరించినా. పది నిమిషాలు పట్టింది.” నవ్వింది. “మేస్త్రి తడిమి చూసినాడు. ‘ఇట్టాంటి జాయింటు మా షెడ్డులో ఎవురూ కొయ్యలేదు తల్లీ’ అన్నాడు.”

ఎవురూ! ఆ ఎవురూలో తనూ ఉన్నాడు. తనొక్కడే ఉన్నాడు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ మాట పుట్టించినవాడెవడో గాని వాడు కూడా తనలాంటి చెవే అయ్యుంటాడని ప్రసాద్‌కు అనిపించింది.

ఇక తప్పు పట్టడానికి నడుం కట్టాడు. స్టీరింగు ఊపి చూశాడు, ఆట లేదు. బ్రేకు తొక్కాడు, పాదం కింద గట్టిగా నిలబడింది. బండి కిందికి దూరి వీపంతా మట్టి చేసుకున్నాడు, ఎక్కడా ఆయిలు చుక్క లేదు. నాలుగు చక్రాలనూ జాకీల మీద లేపి, గేరు రాడ్డు పక్కన, ముందు చక్రాలకు బలం అందించే పొట్టి రాడ్డు వేయించాడు. ముందు చక్రాలు రెండూ బుద్ధిగా తిరిగాయి. పోనీ సీటైనా వంకరగా కుట్టి ఉంటుందేమోనని చూశాడు. పిచ్చివాడు, కుట్టు టీచరు కుట్టిన సీటు వంకరగా ఉంటుందా!

ఒక్క తప్పు. భగవంతుడా, ఒక్కటంటే ఒక్కటి.

భగవంతుడు ఒక్కోసారి ఇలాంటి మొక్కులు కూడా వింటాడు. కుడివైపు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్న ప్రసాద్‌కు, నట్టులోంచి పైకి వచ్చిన బోల్టు కొన మీద చిన్న అచ్చు కనిపించింది. ఉమ్మి తడి చేసి బొటనవేలితో రుద్దాడు. ఇంగ్లీషు ఎల్ అక్షరం. పక్క బోల్టు చూశాడు. ఎల్. ముందు చక్రం దగ్గరికి పాకాడు. అక్కడా అదే. లేచి ఎడమవైపు వెళ్లి చూశాడు. అక్కడ ఒక్క బోల్టుకూ అచ్చు లేదు.

ఏ నట్టయినా కుడికి తిప్పితే బిగుస్తుంది. ఆ కాలపు బండ్లలో ఎడమవైపు చక్రాలకు మాత్రం ఉల్టా చుట్టు బోల్టులు పెట్టేవాళ్లు. అవి ఎడమకు తిప్పితేనే బిగుస్తాయి. చక్రం తిరిగే ఊపుకు నట్టు దానంతటది వదులైపోకుండా పూర్వపువాళ్లు చేసిన ఏర్పాటు అది. వాటికి గుర్తు ఈ ఎల్. అవి ఎడమవైపే ఉండాలి. ఇక్కడ కుడివైపున ఉన్నాయి. అంటే అటూ ఇటూ తారుమారైపోయాయి. ఎంత బిగించినా సరే, బండి నడిచే కొద్దీ నాలుగు చక్రాల నట్లూ కొంచెం కొంచెంగా వదులవుతాయి.

“నట్లు ఎట్టా బిగించినావు?” గొంతు మామూలుగా ఉండేలా అడిగాడు.

“మేస్త్రి చెప్పినట్టేనన్నా. నాలుగు హబ్బులూ కిరసనాయిల్లో కడిగినాక ఏది యాడిదో మరిచిపోయినా. బుక్కు తీసి చూసుకున్నా. ఉల్టా బోల్టులు క్లీనరు సైడని రాసుండాది. అట్టే పెట్టినా.”

ప్రసాద్‌కు అంతా తెలిసిపోయింది. షెడ్డుల్లో ఎడమ, కుడి అనే మాటలు లేవు. డ్రైవరు సైడు, క్లీనరు సైడు, అంతే. మన బండ్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు గనుక క్లీనరు సైడంటే ఎడమ. నలభై ఏళ్లుగా చెప్పినట్టే ఈమెకూ చెప్పాడు మేస్త్రి. కానీ ఇది అమెరికా దొరలు తెచ్చుకున్న బండి. దీని స్టీరింగు ఎడమవైపుంది. దీంట్లో క్లీనరు కూర్చునేది కుడివైపు! పాపం ఆ పిల్ల గురువు మాట పొల్లు పోనివ్వలేదు.

చెప్పాలి. నోరు తెరిచాడు కూడా. “ఇవి విప్పి అటువి ఇటు వెయ్యాలమ్మా” అంటే అయిపోయేది. ఒక పూట పని.

సరిగ్గా అప్పుడే ఆమె అడిగింది. “ఏమన్నా తప్పుండాదా అన్నా? మేస్త్రి మాత్రం ‘నీ పనిలో ప్రసాదు గూడా వంక పెట్టలేడు పో’ అన్నాడులే.”

ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది! ప్రసాద్ కనుబొమ్మ మీద ఒక పాత మచ్చ ఉంది. అది పదకొండేళ్ల నాటి పానా దెబ్బ. అప్పుడది చురుక్కుమంది. తనకు దెబ్బలు, ఈమెకు తల్లీ తల్లీనా? ఈమెకు కుర్చీ వేసుకుని నేర్పుతాడా? పోనీ, రేపు ఎట్లాగూ స్కూలు గ్రౌండులోనే గదా తిప్పుతానంది. నాలుగు చుట్లు తిరిగేసరికి చక్రాలు లొటలొటమంటాయి. ఊరంతా చూస్తుంది. ప్రాణాలేం పోవు, పరువు పోతుంది. మేస్త్రి నేర్పిన చదువు ఏపాటిదో మేస్త్రికే తెలిసొస్తుంది. ఇలా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కుళ్లుబోతు మనసుకు లాయరు బయటినుంచి రానక్కర్లేదు.

“తప్పేం లేదు. బ్రహ్మాండంగా ఉండాది” అన్నాడు.

జేబులోంచి సుద్దముక్క తీశాడు. బంపరు ముందు వంగాడు. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. సరి. పదకొండేళ్లు కలగన్న రెండక్షరాలు. రాసి నిలబడితే గుండె ఉప్పొంగాలి కదా! నోట్లో కిరసనాయిలు పడ్డట్టయింది.

కరుణశ్రీ రెండు చేతులూ జోడించింది. “ఇప్పుడే వస్తానన్నా, నువ్వు అన్నం తింటా ఉండు” అని చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. ఎవరికో చెప్పుకోవడానికి పోతోంది కాబోలు అనుకున్నాడు ప్రసాద్. వాళ్లమ్మ రూబీ సంగటి, కోడి పులుసు వడ్డించింది. “ట్రక్కులో గుడ్లు పెట్టిన కోడేలే నాయనా, నీకోసమే కోసినా. మా ఆయన ఉండుంటే నిన్ను కావిలించుకోనుండేవాడు” అంది. ప్రసాద్ ముద్ద మింగలేక నీళ్లు తాగాడు.

బస్సు దాకా కరుణశ్రీ వచ్చింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి నోటుబుక్కు అందించింది.

“మేస్త్రి నీకు చెప్పొద్దన్నాడు. నేను చెప్పలా. రాసుండాది, అంతే!” అంటూ చిన్నపిల్లలా నవ్వింది. “చదువుకోని రేపు పంపియ్యన్నా.”

ఇదుగో, ఇన్నాళ్లూ తనకు దాచి ఈమెకు పెట్టిన విద్యంతా ఇందులో ఉంటుంది. చూద్దాం ఏమేం దోచి పెట్టాడో. మంటతోనే తెరిచాడు. మొదటి పేజీలోనే తన పేరుంది.

‘ప్లగ్గు గ్యాపు నువ్వు రేకు పెట్టి కొలువు. ప్రసాదు పనిలో చేరిన రెండో నాడే కంటితో చూసి చెప్పినాడు. అందరికీ రాదు.’

పేజీ తిప్పాడు. ‘ఇంజను చెవితో వినేది నేను నేర్పలేను తల్లీ. నాకంటే ప్రసాదుకు బాగా వచ్చు. వాణ్ణి అడుగు.’

ఇంకో పేజీ. ఇంకో పేజీ. ప్రసాదు అట్టా చేస్తాడు, ప్రసాదు ఇట్టా పడతాడు. పదకొండేళ్లలో మొహం మీద ఒక్క మంచిమాట అనని మనిషి, ఎవరికో పాఠం చెబుతూ పేజీ పేజీకీ తనను తలుచుకున్నాడు. గుండ్రటి టీచరు చేతిరాతలో మేస్త్రి గొంతు వినిపిస్తోంది.

ఉల్టా బోల్టుల పేజీ వచ్చింది. ‘ఉల్టా చుట్టు క్లీనరు సైడు. గుర్తు ఎల్ అచ్చు. ప్రసాదు మొదటి నెలలో తెలియక రెండు బోల్టులు విరిచినాడు. పానాతో కొట్టినా. కనుబొమ్మ చిట్లింది. ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు అన్నం దిగదు. మా మేస్త్రి నన్ను అట్టే కొట్టి నేర్పినాడు, కొట్టకపోతే పని రాదనుకున్నా. నీకు నేర్పినాకనే తెలిసింది, కొట్టకుండా గూడా నేర్పొచ్చని. ఆలస్యమైపోయింది.’

అక్షరాలు అలుక్కుపోయాయి. ప్రసాద్ ఆ పేజీలోంచి తల ఎత్తలేదు. ఉదయగిరి దాటిన పావుగంటకే సన్న వంతెన దగ్గర ఎదురొచ్చిన బస్సుకు దారివ్వడానికి డ్రైవరు పక్కకు ఆపాడు. రెండు బస్సులూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయాయి. అతను చూడలేదు.

ఆఖరి పేజీ. ‘నా కళ్లకు పొర వచ్చింది. ఇంక సరి రాసేది నా వల్ల కాదు. నీ ట్రక్కుకు ప్రసాదే రాయాల. ఆ పొద్దు నుంచి షెడ్డులో సరి వాడిదే. వాడికి ముందుగా చెప్పబాక. రాసి వచ్చినాక నేనే చెప్తా.’

ప్రసాద్ నోటుబుక్కు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కరుణశ్రీ గుమ్మానికి వచ్చిందనుకున్న సుద్ద తనకోసమే వచ్చింది. వచ్చిన మొదటిసారే దాంతో అబద్ధం రాశాడు! తెలియక చేసినవాడికి పానా దెబ్బ పడితే, తెలిసి చేసినవాడికి ఏం పడాలి?

దిగి వెనక్కి పోదామా అనుకున్నాడు. నడిమధ్య దిగితే సాయంత్రం దాకా బస్సు లేదు. రేపటి దాకా టైముంది గదా. ముందు మేస్త్రి కాళ్ల మీద పడదాం, ఆయన ముందే ఉదయగిరికి ఫోను చేద్దాం అని మనసు గట్టి చేసుకున్నాడు.

ఆత్మకూరులో దిగీ దిగగానే మేస్త్రి ఇంటికి పరుగెత్తాడు. వాకిట్లో కుర్చీ ఖాళీగా ఉంది. చేతికర్ర లేదు. మేస్త్రి భార్య ఆదిశేషమ్మ బియ్యం ఏరుకుంటోంది.

“పెద్దమ్మా, మేస్త్రి యాడ?”

“యాడేందిరా! నీకు ఎదురు రాలా?” అందావిడ నవ్వుతూ. “మధ్యాన్నం ఆ పిల్ల తిరుపాలు బూతుకు ఫోను చేసింది. ప్రసాదన్న సరి రాసినాడు అని చెప్పిందంట. అంతే, కాలు నిలిస్తేనా ముసిలోడికి! ఉతికిన పంచె కట్టించుకున్నాడు. ‘రేపు గ్రౌండులో తిప్పేదేంది, నా ప్రసాదు సరి రాసినాక ఇంకేం చూడాల? ఈ పొద్దు శనివారం గదా, వాళ్ల నాయన పోయినట్టే కొండ అవతలికి పోదాం, ముందు సీట్లో నేను కూచుంటా, ప్రసాదుకు మాత్రం చెప్పబాక, నా కాలు చూసి అడ్డం పడతాడు’ అని తనే ఫోనులో చెప్పి, ఒంటిగంట బస్సెక్కినాడు. ఏందిరా, మొహం అట్టా పెట్టినావు?”

సన్న వంతెన దగ్గర రాసుకుంటూ పోయిన బస్సు!

ప్రసాద్ సందు మలుపులో తిరుపాలు బూతులోకి దూసుకుపోయాడు. లోపల మాట్లాడుతున్న మనిషి చేతిలోంచి రిసీవరు లాక్కున్నాడు. “ఏంరా, దయ్యం పట్టిందా నీకు?” అని తిరుపాలు కేకలేశాడు. మధ్యాన్నం ఫోను వచ్చిన ఉదయగిరి బూతు నంబరు కలపమంటే, అతని వాలకం చూసి మారుమాట్లాడకుండా కలిపాడు.

రింగవుతోంది. ఎంతకీ ఎత్తరు. ఎత్తారు.

“అన్నా, ఆడ కరుణశ్రీ టీచరు ట్రక్కు...”

“ఆ ట్రక్కా?” అవతలి గొంతులో సంబరం. “పోయి ముప్పావుగంటైంది! ఆత్మకూరు మేస్త్రంట, ముందు సీట్లో రాజా మాదిరి కూచున్నాడు. చర్చి ఆడోళ్లు పన్నెండు మంది వెనకెక్కి పాటలు పాడుకుంటా పోయినారు. ఘాటు రోడ్డుకే. బంపరు మీద సరి అని రాసుండాది. ఆ మేస్త్రి వచ్చేపోయే వాళ్లందరికీ వేలు పెట్టి చూపించినాడప్పా, మా పిల్లోడు రాసినాడు, మా పిల్లోడు రాసినాడని...”

“ఆపాలన్నా! ఆ బండి ఆపాల! చక్రాలు...” ప్రసాద్ అరిచాడు. “నేను తప్పు రాసినా. తెలిసే రాసినా. ఎవురినన్నా మోటారు సైకిలేసి తరమమను, నీ కాళ్లు మొక్కుతా!”

 అవతలి గొంతు మారిపోయింది.

“ఉండు ఉండు. ఘాటు వైపు నించి ఎవరో సైకిలు తొక్కుకుంటా అరుస్తా వస్తా ఉండాడు. జనం మూగతా ఉండారు. ఉండు, ఏందో కనుక్కోనొస్తా...”

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. దూరంగా ఏవో కేకలు. ప్రసాద్ రిసీవరును చెవికి అదుముకున్నాడు. ఇంజనులో నలుసంత తేడా ఉన్నా పట్టేస్తుందని మేస్త్రి మెచ్చుకున్న ఆ చెవికి, ఆ కేకల్లో ఒక్క ముక్క కూడా అర్థం కావడం లేదు.